పూతలపట్టు ఆయప్ప చెయ్యి

ఆయప్ప పోయినాడని తెలిసినప్పుడు నేను మొదట అనుకునింది ఏమంటే, ఇంక చిత్తూరు దోవలో చెడిపోయే బండ్లన్నీ నా షెడ్డుకే వస్తాయి అని. చెప్పుకునేదానికి సిగ్గుగానే ఉండాది, ఏం చేసేది, అదే నిజం. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద నా షెడ్డు. పొద్దున్నే ఒక లారీ డ్రైవరు బ్రేకులు చూపించుకునేదానికి వచ్చి, టీ గ్లాసు చేతిలో పట్టుకోని, "అన్నా, పూతలపట్టు మెకానిక్కు పోయినాడంట నా. నిన్న మద్యానం గుండె పట్టుకోని కూలబడినాడంట" అన్నాడు. నోరు "అయ్యో" అనింది. మనసు మాత్రం పూతలపట్టు కూడలిలో మూతబడిన షెడ్డును తలుచుకోని సంబరపడతా ఉండాది. పది నిమిషాలు పోయినాక గానీ నాకు కండ్లల్లో నీళ్లు రాలా. వచ్చినాక నిలబడలా.

ఆయన పేరు చెప్పను. మా నాయన నోట్లో ఆ పేరు వినీ వినీ నాకు చెవులు తుప్పు పట్టినాయి. నేను మాత్రం ఎప్పుడూ, ఆ మనిషి అన్నట్టు, ఆయప్ప అనే అన్నా. ఇప్పుడూ అట్టనే అంటా.

ఆయప్ప మా షెడ్డుకు వచ్చేటప్పటికి ఇరవై మూడేండ్ల మొగోడు. లారీ తోలేది మానుకోని పని నేర్చుకునేదానికి వచ్చినాడు. నాకు ఇరవై. షెడ్డు మా నాయనది, అందరూ పెద్దమేస్త్రీ అనేవాళ్లు. అప్పటికే ఎనిమిదేండ్లుగా నాయన కింద స్పానర్లు తిప్పుతా ఉంటి. నాయన తావ ఒక మాట ఉండేది, చెయ్యి కుదరాల అని. ఆయన ఇంజను మీద, గేరుబాక్సు మీద, నీళ్ల పైపు మీద అరచెయ్యి పెట్టి, కండ్లు మూసుకోని, లోపల ఏం జరుగుతా ఉండేదీ చెప్పేవాడు. వేడి ఎంత, అదురు ఎంత, అది యాడినించి వస్తా ఉండాది, అంతా చేతికే తెలిసేది. పని ఎంత బాగా చేసినా నాయన "ఊఁ" అనేవాడే గానీ, నీకు చెయ్యి కుదిరిందిరా అని నాతో ఎప్పుడూ అనలా. నాకు కావల్సింది ఆ ఒక్క మాటే. షెడ్డు నాకొస్తాది, ఇల్లు నాకొస్తాది, అవన్నీ యాడికి పోతాయి. ఆ మాట రావాల.

ఆయప్ప వచ్చిన ఎనిమిదో నెలలో, ఒక బస్సు గేరుబాక్సు మీద చెయ్యి పెట్టి, "మేస్త్రీ, వెనక బేరింగు పోయిండాది" అన్నాడు. విప్పితే పోయిండాది. నాయన అందరి ముందరా ఆయప్ప వీపు తట్టి, "చెయ్యి కుదిరిందిరా నీకు" అన్నాడు. నేను లారీ కింద పండుకోని ఉంటి. అట్టనే పండుకునింటి, అన్నానికి పిలిచినా బయటికి రాలా.

లోకంలో మెకానిక్కులంతా పని అయినాక చేతులు కడుక్కుంటారు. ఆయప్ప పనికి ముందు కడుక్కునేవాడు. సబ్బు పెట్టి, గోర్ల సందుల్లో కూడా తోముకోని, టవలుతో తుడుచుకోని, అప్పుడు బానెట్టు ఎత్తేవాడు. "ఏమప్పా, పెండ్లిసూపులకు పోతా ఉండావా?" అని ఎగతాళి చేస్తి. "గ్రీజు సేతికి ఏడి తెలీదు సిన్నమేస్త్రీ" అన్నాడు. నన్ను సిన్నమేస్త్రీ అనేవాడు. అది మర్యాదో ఎక్కిరింతో నాకు ఈ పొద్దుటికీ తెలీదు. ఆ సాయంత్రం అందరూ పోయినాక నేనూ సబ్బు పెట్టి చేతులు కడుక్కోని, ఒక ఇంజను మీద అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకుంటి. కాలింది. అంతకు మించి ఏమీ తెలియలా.

ఇంకొకటి. బండి తెచ్చినోళ్లను మేమంతా "ఏమైంది?" అని అడుగుతాం. ఆయప్ప "యాడ?" అని అడిగేవాడు. యాడ ఆగిపోయింది, యాడ శబ్దం వచ్చింది, గుట్ట ఎక్కేటప్పుడా దిగేటప్పుడా. వాళ్లు చెప్పేది వింటా జేబులోనించి ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసి తినేవాడు, పొట్టు ఇంకో జేబులో వేసుకునేవాడు. అంతా విని, "కూసుంటే ఏం తెలుస్తాదప్పా, పోయి సూస్తాం పా" అని బండెక్కేవాడు. నేను ఆ మాటను ఇంట్లో నా పెండ్లాం ముందర వెక్కిరిస్తా ఉంటే, ఆమె "ఆయన చెప్పింది సరిగ్గానే ఉండాది గదా" అనింది. రెండు దినాలు ఆమెతో మాట్లాడలా.

నా కుళ్లుకు హద్దే లేదు లెండి. షెడ్డు కుక్కకు అన్నం పెట్టేది నేను, అది పోయి పండుకునేది ఆయప్ప కాళ్ల కాడ. మా అమ్మ నాకూ నాయనకూ కలిపి క్యారియరు పంపిస్తే, నాయన దాంట్లోనించి సగం కూర తీసి ఆయప్ప గిన్నెలో పెట్టి, ఆ గిన్నెలోనించే తీసుకోని తినేవాడు. కూర అదే! మా ఇంటి కూరే! ఆయప్ప గిన్నెలోకి పోయినాక దానికి రుచి వచ్చేది. నాలుగేండ్లకు ఆయప్ప సొంతంగా పూతలపట్టు కూడలిలో షెడ్డు వేసుకుంటానంటే, పీడ విరగడాయ అనుకుంటి. నాయన తన రింగు స్పానర్ల సెట్టు తీసి ఆయప్ప చేతిలో పెట్టినాడు. నేను పుట్టకముందు మద్రాసులో కొనిన సెట్టు అది.

ఇప్పుడు నాయుడుగారి కారు సంగతి చెప్పాల. చంద్రగిరి పక్క మామిడితోటల ఆసామి. డెబ్బైల చివర్లో మద్రాసులో ఎవరో దొరవారి ఇంట్లో వాడిన ఫారిన్ కారు కొనుక్కోని వచ్చినాడు. దాంట్లో హీటరు ఉండాది! మా ఊరి ఎండలో కారుకు హీటరా అని షెడ్డంతా నవ్వింది. నాయుడుగారు నవ్వలా. ఆయన భార్యకు ఉబ్బసం. వారానికొకసారి బెంగుళూరు డాక్టరు తావకు పిలుచుకోని పోవాల. తెల్లారి పోతేనే ఆ పొద్దు డాక్టరు దొరికేది. చిత్తూరు దాటి మొగిలి కొండ ఘాటు ఎక్కి పలమనేరు పక్కకు పోతే, పుష్యమాసంలో పొద్దన్నే చలి ఎముకలు కొరుకుతాది. ఆ చలిగాలికి ఆయమ్మకు ఊపిరి ఆడదు. ఆ హీటరు కోసరమే ఆయన ఆ బండి కొనింది.

చలికాలం వచ్చింది. హీటరు వేస్తే చల్లగాలి కొట్టింది. "ఇది హీటరా, కూలరా అబ్బా?" అంటా నాయుడుగారు షెడ్డుకు వచ్చినాడు. నాయన ఆ పని నాకు అప్పగించినాడు. నేను హీటరుకు వేడినీళ్లు పోయే చిన్న కొళాయి తిప్పి చూసినా, అది బిగుసుకోనుండాది, సరిచేసినా. షెడ్డులో నిలబెట్టి ఇంజను ఆడిస్తే ఇరవై నిమిషాలకు వేడిగాలి భగ్గుమని వచ్చింది. నాయుడుగారు సంతోషంగా పోయినాడు. పలమనేరు దోవలో మళ్లా చల్లగాలి. రెండోసారి హీటరు పెట్టె విప్పి కడిగినా. మూడోసారి దాని తీగ మార్చినా. నాలుగోసారి ఫ్యాను మోటారు విప్పినా. ప్రతిసారీ షెడ్డులో వేడే, దోవలో చలే. నాలుగోసారి పలమనేరులో ఆయమ్మకు ఊపిరి అందక, ఆస్పత్రిలో ఒక పూటంతా పెట్టినారంట. నాయుడుగారు వచ్చి నన్ను తిట్టలా. "నాలుగు దినాల్లో మళ్లా పోవాలబ్బా. కాదంటే కాదని సెప్పు, ఆమెను నేను రైల్లో పిలుచుకోని పోతా" అన్నాడు. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టాయ.

నాయన అప్పుడు అనినాడు, ఆయన నోట రాకూడదని నేను దేవునికి మొక్కుకుంటా ఉండిన మాట. "రేపు పొద్దన నాయుడుతో పో. పూతలపట్టులో వాన్ని ఎక్కిచ్చుకోండి."

ఇంకా మంచు కురస్తా ఉండంగానే పూతలపట్టు చేరినాము. ఆయప్ప షెడ్డు ముందర గడ్డకట్టే నీళ్లతో చేతులు కడుక్కుంటా ఉండాడు. నన్ను చూసి, "ఏం సిన్నమేస్త్రీ, సిక్కిపోయినావే" అని నవ్వినాడు. నాయుడుగారిని ఒకటే అడిగినాడు.

"యాడ సల్లగా కొడతాది?"

"ఘాటెక్కినాక, పలమనేరు దోవలో."

"అయితే ఈడ సూసి ఏం లాభం? పోయి సూస్తాం పాండి."

ఆయప్ప ముందర కూర్చున్యాడు, నేను వెనక. మొగిలి ఘాటు ఎక్కి, పైన ఇంకా నాలుగు మైళ్లు పోయినాక బండి ఆపమన్నాడు. చలికి నాయుడుగారు అద్దాలు ఎత్తుకోని లోపలే ఉండిపోయినాడు. మేమిద్దరమే దిగినాము. ఆయప్ప బానెట్టు ఎత్తి, హీటరుకు పోయే పైపు మీద ఒక చెయ్యి, దాంట్లోనించి వచ్చే పైపు మీద ఒక చెయ్యి పెట్టినాడు. ఆ తరువాత రేడియేటరుకు పోయే పెద్ద పైపును అరచేత్తో పట్టుకున్యాడు. పట్టుకోని వదల్లా. "నువ్వు గూడా పట్టుకో సిన్నమేస్త్రీ" అన్నాడు.

పట్టుకుంటి. ఘాటెక్కి వచ్చిన బండికి ఆ పైపు చెయ్యి పెట్టలేనంతగా కాలాల. పసిబిడ్డకు పోసే నీళ్ల మాదిరి గోరువెచ్చగా ఉండాది.

"హీటరుకు రోగం లేదు. దానికి పోయే నీళ్లే కాగలా" అన్నాడు.

నీళ్లు ఎందుకు కాగలేదో నాకు అప్పుడు తెలిసిపోయింది. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనీకుండా అడ్డం నిలబడేది ఒకటి ఉంటాది, థర్మోస్టాటు అని, రూపాయి బిళ్లంత మూత. మా పక్క ఎండలకు అది ఉంటే బండి ఉడికిపోతాదని, కొత్తగా ఏ బండి వచ్చినా మొట్టమొదట దాన్ని పీకి డబ్బాలో పడేసేది మా షెడ్డు ఆనవాయితీ. నాయన పెట్టిన ఆనవాయితీ. జిల్లాలో అందరూ అదే చేస్తారు. నాయుడుగారి బండి వచ్చిన దినమే నేను దాన్ని పీకేసినా. అది లేకపాయ, చలిగాలికి ఇంజను ఎప్పటికప్పుడు చల్లారిపోతా ఉండాది. షెడ్డులో నిలబెడితే గాలి తగలదు, కాగుతాది, హీటరు పనిచేస్తాది. నెల దినాలుగా నేను విప్పింది, కడిగింది, మార్చింది అంతా ఒట్టిదే. ఆయమ్మను ఆస్పత్రి పాలు చేసింది నా చెయ్యే.

ఆయప్ప నా మొగంలోకి ఒకసారి చూసినాడు. డిక్కీలో ఉండిన అట్టపెట్టె చింపి, ఒక ముక్క గాలి తగలకుండా రేడియేటరుకు అడ్డం పెట్టి పురికొసతో కట్టినాడు. బండి కదిలిన పది నిమిషాలకు నాయుడుగారు మఫ్లరు తీసేసి, "అబ్బబ్బబ్బా, ఏం వేడిరా సామీ!" అని కేకేసినాడు. ఆయప్ప చెనిక్కాయలు తింటా కిటికీలోనించి బయటికి చూస్తా ఉండిపోయినాడు. నాకు ఆ వేడిగాలి మొగానికి తగిలితే ఎవరో చెంప మీద కొట్టినట్టుండాది.

పూతలపట్టులో దిగేటప్పుడు నన్ను పక్కకు పిలిచినాడు. "ఆ డబ్బాలో యెతుకు, ఆ బండిది ఇంగా ఉంటాది. సలికాలం పెట్టు, ఎండాకాలం తీసెయ్. అంతే గదా" అన్నాడు. అంతే గదా! నెల దినాలు నేను ఏడ్చిన ఏడుపు ఆయప్పకు అంతే గదా అయిపోయింది.

షెడ్డులో దాన్ని బిగిస్తా ఉంటే నాయన వచ్చి వెనక నిలబడినాడు.

"మనం తీసేసేది నువ్వు పెడతా ఉండావే, ఎందుకు?"

చెప్తి. ఆయప్ప చేసింది, చెప్పింది, అంతా నేను కనిపెట్టినట్టు చెప్తి. నాయన అంతా విని, "ఎవురు కనుక్కునింది?" అన్నాడు.

"నేనే నాయనా. చెయ్యి పెట్టి చూసినా."

ఆయన నా అరచేతుల పక్క చూసినాడు. మోచేతుల దాకా గ్రీజు. అట్టనే లోపలికి పోయినాడు.

నాలుగు దినాలకు నాయుడుగారు భార్యను బెంగుళూరు పిలుచుకోని పోయి సుఖంగా వచ్చినాడు. "ఆమె దోవంతా నిద్రపోయింది మేస్త్రీ" అని చెప్తా ఉంటే నాయన నా భుజం మీద చెయ్యి వేసి, షెడ్డంతా వినేటట్టు, "వీనికి చెయ్యి కుదిరింది" అన్నాడు.

అబద్ధమెందుకు, నాకు సంతోషంతో కాళ్లు భూమ్మీద నిలవలా. ఆ రాత్రి అన్నం రెండు మార్లు వడ్డించుకున్యా. తెల్లారి లేస్తే మాత్రం, ఆ మాట కూడా ఆయప్పదే గదా అని గుర్తొచ్చింది. నాకు దక్కిన ఒక్క మాటా ఆయప్ప జేబులోనించి కొట్టేసింది.

ఆ తరువాత నాయన ఆ కథను ఎంతమందికి చెప్పినాడో లెక్కలేదు. ఆయుధపూజ దినం పాతోళ్లంతా షెడ్డుకు వచ్చేవాళ్లు. ఆయప్ప కూడా వచ్చినాడు. ఇంజన్లకు పసుపు కుంకుమ పెట్టి బొరుగులు, బెల్లం పంచతా ఉంటే నాయన మళ్లా మొదలుపెట్టినాడు. ఘాటు, చలి, గోరువెచ్చని పైపు. "నా కొడుకు పట్టుకున్యాడు సూడు దాన్ని!" నా నోట్లో బొరుగులు మింగుడు పడలా. ఆయప్ప పక్కనే ఉండాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, నా బతుకు బజారున పడతాది అనుకుంటి.

"అవు మేస్త్రీ, నేను పక్కనే ఉంటి గదా. నాకు తోచనే లేదు" అన్నాడు ఆయప్ప.

కొళాయి కాడ పట్టుకోని అడిగినా. "ఎందుకు అట్ట చెప్పినావ్? నీకేం కావాల నా తావ?"

"బొరుగులు ఇంగా రోంత ఉంటే పెట్టిచ్చు సిన్నమేస్త్రీ, శానా బాగుండాయి" అని నవ్వి, చేతులు కడుక్కోని పోయినాడు.

అప్పటినించి ఆయప్ప అంటే నాకు ముందరికంటే జాస్తి మంట. ఒకటి అడిగింటే ఇచ్చేసి చేతులు దులుపుకునేవాన్ని. ఏమీ అడగలా. నలుగురిలో ఒక ఎకసక్కెం మాట అనింటే నేనూ తిట్టేవాన్ని. అదీ అనలా. నాయన పోయినప్పుడు పాడె ఒక కొమ్ము ఆయప్ప పట్టుకున్యాడు. నాకంటే గట్టిగా ఏడ్చినాడు. నిప్పుకుండ పట్టుకోని ముందర నడస్తా, సొంత కొడుకును నేను, ఎవరూ నన్ను చూడటంలేదే అనుకుంటి. అట్టాంటోన్ని నేను.

ఆయప్ప పోయిన మూడో దినం పూతలపట్టుకు పోతి. షెడ్డు తెరిచే ఉండాది. ఆయప్ప భార్య లోపల బల్ల మీద కూర్చోనుండాది. నన్ను చూసి లేచి, చాప వేసింది. ఆయమ్మే మాట మొదలుపెట్టింది.

"అన్నా, నిన్ను ఒక మాట అడగల్ల. శానా ఏండ్లనించి అడగాలనుకుంటా ఉండా, ఆయన ఉండగా కుదరలా."

"అడుగుమ్మా."

"ఒకసారి పెద్దమేస్త్రీ బస్సు దిగి ఈడికి వచ్చినాడు. కూసోమంటే కూసోలా. 'నాయుడు బండి సంగతి కనుక్కునింది ఎవుర్రా? నీ సేతి పని మాదిరి ఉండాది, నిజం సెప్పు' అన్నాడు. ఈయన 'సిన్నమేస్త్రీనే' అన్నాడు. పెద్దాయన నమ్మలా. 'ఒట్టు పెట్టు' అన్నాడు. నేను అప్పుడే సెంబుతో నీళ్లు తెస్తా ఉండా. ఈయన టక్కుమని నా తల మీద సెయ్యి పెట్టి, 'దీని మీద ఒట్టు, సిన్నమేస్త్రీనే' అనేసినాడు. పెద్దాయన సెంబెడు నీళ్లూ తాగి, నవ్వుకుంటా బస్సెక్కినాడు."

నాయన షెడ్డంతా వినేటట్టు చెప్పిన మాట ఆ నాలుగు దినాల మధ్య ఈడ, ఈ గడప కాడ పుట్టింది.

"అది నిజం ఒట్టేనా అన్నా?" అని అడిగింది ఆయమ్మ. "ఎన్ని మార్లు అడిగినా నవ్వేసేవాడు. అబద్ధం ఒట్టయితే నేను గదా ముందర పోవాల. నేనుండా, ఆయన పోయినాడు. అందుకని నిజమే అనుకుంటా ఉండా. నువ్వు సెప్పు."

నిజమే అంటే ఆయమ్మ మనసు నెమ్మదిస్తాది. ఆయప్ప ఒట్టు నిలస్తాది. నా పేరూ నిలస్తాది. మూడు పక్కలా బాగుండాది. నిజమేమ్మా అనే మాట పెదవి దాకా వచ్చింది. ఎందుకో, ఈ ఒక్కటి కూడా ఆయప్ప తావ కొట్టేసేదానికి నాకు మనసు ఒప్పలా.

"అబద్ధం ఒట్టేమ్మా" అంటి. "కనుక్కునింది ఆయనే. నేను మా నాయనతో నేనే అని అబద్ధం చెప్తి. దాన్ని నిలబెట్టేదానికి ఆయన నీ తల మీద చెయ్యి పెట్టినాడు."

తిడతాదనుకుంటి. ఏడస్తాదనుకుంటి.

"నీ కోసరమా?" అనింది ఆయమ్మ. "నా తల మీద?"

"అవునమ్మా."

"ఇన్నేండ్లు కాపురం సేసినాడు నాతో. నా కోసరం ఒక్క అబద్ధం సెప్పినోడు కాదు. మా అమ్మ ఇంట్లో ఉండగా, కూర బాగలేదని ఆమె ముందరే అనేసినోడు. నువ్వంటే అంత ఇదా ఆయనకు?"

కండ్లు తుడుచుకోకుండానే నా పక్క చూసింది ఆయమ్మ. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నేండ్లూ నేను ఆయప్పను చూసింది ఆ చూపుతోనే. నన్ను ఒకరు అట్ట చూసింది నేను పుట్టినాక ఆ దినమే.